నిలబడని బొమ్మ

రైల్వే స్టేషన్ ఫుట్‌బ్రిడ్జి మెట్ల కింద ఆమె పడి ఉంది. తల వెనక గాయం. పక్కన ప్రయాణపు బ్యాగు.

ఊడ్చడానికి వచ్చిన మనిషి చూసి ఫోన్ చేసేసరికి తెల్లవారుజాము ఐదున్నర.

"ఆఫీసు పని మీద ఊరెళ్తానని బయల్దేరింది సార్. చీకట్లో కాలు జారినట్టుంది," అన్నాడు భర్త. మందుల షాపు నడుపుతాడు. మాట్లాడినంతసేపూ వెక్కుతూనే ఉన్నాడు.

సాక్షులు లేరు. అక్కడి కెమెరా పాడై చాలాకాలమైంది. మెట్ల మీద పడితే తగిలే దెబ్బే అన్నాడు డాక్టర్. యాక్సిడెంట్ అని రాసేసి చేతులు దులుపుకోవచ్చు. కానీ కేసు పడింది ఇన్‌స్పెక్టర్ నత్త చేతిలో. డిపార్ట్‌మెంట్‌లో ఆయనకి ఆ పేరు ఊరికే రాలేదు. వారంలో మూసే ఫైలు ఆయన బల్ల మీద నెల రోజులు కాపురం చేస్తుంది.

బ్యాగులో బట్టలు, దువ్వెన, ఒక చెక్కబొమ్మ. బొటనవేలంత బోధిసత్వుడు. చేతులు జోడించి, కళ్ళు సగం మూసి, ఎవరికో జోల పాడుతున్నట్టు ఉన్నాడు.

ఆ బొమ్మ చేసింది చనిపోయినామె తండ్రే. చెక్కశిల్పి. తోడుగా ఉంటాడని ఇళ్ళలో పెట్టుకోవడానికి, ప్రయాణాల్లో దగ్గరుంచుకోవడానికి జనం ఆయన దగ్గర కొనుక్కెళ్తారు. కర్మలైన మర్నాడు పోలీస్ స్టేషన్‌లో నత్త బొమ్మ ఇవ్వబోతే ఆయన దానివైపు చూడను కూడా చూడలేదు.

"నాకొద్దు సార్. కావలి ఉంటాడని వందల మందికి చెప్పి అమ్మాను. నా బిడ్డ దగ్గరే ఉండలేకపోయాడు." లేచి వెళ్ళబోతూ మళ్ళీ అన్నాడు. "అల్లుడు పాపని తీసుకుని ఊరు వదిలి వెళ్ళిపోతున్నాడు. ఇవాళ ఆరింటి బస్సుకి. నాకింక మిగిలింది ఆ పసిదొక్కతే."

నత్త బొమ్మని బల్ల మీద పెట్టుకున్నాడు. ఆ బల్లకి ఒక కాలు పొట్టి. రాస్తుంటే పెన్ను దొర్లింది, టీ ఒలికింది. బొమ్మ మాత్రం నిటారుగా నిలబడే ఉంది.

మధ్యాహ్నం మూడింటికి ఆయన శిల్పి పనిచేసే గదికి వెళ్ళాడు. కిటికీ కింద చెక్కపొట్టు. అల్మరాలో బొమ్మలు వరసగా నిలబడి ఉన్నాయి. కింద బుట్టలో మరికొన్ని పడుకుని ఉన్నాయి. నత్త బుట్టలోంచి ఒకటి తీసి బల్ల మీద నిలబెట్టాడు. పడిపోయింది. మళ్ళీ నిలబెట్టాడు. మళ్ళీ పడింది.

"అవి నిలబడవు సార్," అన్నాడు శిల్పి, తల ఎత్తకుండానే. "ప్రయాణానికి చేసినవి. అడుగు గుండ్రంగా చెక్కుతాను. దారిలో ఎక్కడా ఆగిపోకుండా ఇల్లు చేరాలని. చేరాక ఇంటి బొమ్మకి ఆనించి పెడతారు. ఇంటి బొమ్మ నిలబడుతుంది. అది గడప దాటదు."

"మీ అమ్మాయికి ఈ సంగతి తెలుసా?"

"తెలియకపోవడమేంటి? పెళ్ళయ్యేదాకా వీటికి కళ్ళు దిద్దింది అదే."

నత్త బయటికెళ్ళి కానిస్టేబుల్‌కి ఫోన్ చేశాడు. నత్త అంత గబగబా మాట్లాడటం ఆ కానిస్టేబుల్ ఎన్నడూ వినలేదు.

నాలుగున్నరకి అల్లుడు వచ్చాడు. చేతిలో సూట్‌కేసు, వెనకాల ఆరేళ్ళ పాప.

"వెళ్ళొస్తాం మామయ్యా. బస్సుకి టైమవుతోంది."

"కూర్చోండి. రెండు ప్రశ్నలు," అన్నాడు నత్త. జేబులోంచి బొమ్మ తీసి బల్ల మీద పెట్టాడు. అది నిలబడింది.

శిల్పి ఆ రోజు మొదటిసారి దానివైపు చూశాడు. చేతిలోని ఉలి కింద పడింది.

"మీ ఆవిడ ప్రయాణానికి ఇంటి బొమ్మ ఎందుకు తీసుకెళ్ళింది?"

"తొందరలో ఏదో ఒకటి వేసుకుని ఉంటుంది సార్."

"చిన్నప్పట్నుంచీ వీటి మధ్యే పెరిగిన మనిషి. చీకట్లో తడిమినా తేడా తెలుస్తుంది. తెలియంది మీకు. బ్యాగు సర్దింది మీరు."

"నేనెందుకు సర్దుతాను?"

"బొమ్మ లేకుండా ఆమె ఊరు కదలదు. అది కనబడకపోతే మామగారు నమ్మరు. అందుకే వెతికారు. మీ ఇంటి అల్మరాలో కనబడింది వేసేశారు. దెబ్బ మెట్లదే. ఏ మెట్లన్నది డాక్టర్ చెప్పలేదు. మీ ఇంట్లోనూ మెట్లున్నాయిగా. పడింది అక్కడ, రాత్రికి రాత్రే తెచ్చి వదిలింది ఫుట్‌బ్రిడ్జి కింద. ఇప్పుడు మావాళ్ళు అక్కడే ఉన్నారు. కడిగినా సందుల్లో రక్తం మిగిలింది."

అల్లుడి మొహంలో నెత్తురు చుక్క లేదు. "మరి ఆ ప్రయాణపు బొమ్మ ఏది? ఇల్లంతా వెతికినా ఇదొక్కటే..." అని నాలిక కరుచుకున్నాడు.

పాప తన కోటు జేబులో చెయ్యి పెట్టింది.

"నా దగ్గరుంది. అమ్మ ఇచ్చింది. పొద్దున్నే లేచి ఇద్దరం తాతయ్య దగ్గరికి వెళ్ళిపోదాం, నాన్నకి చెప్పకు అంది. నేను చెప్పలేదు."

"వదిలిపోతానంది సార్," అల్లుడు సూట్‌కేసు మీదే కూలబడ్డాడు. "పాపని కూడా తీసుకుపోతానంది. ఒక్కసారి తోశాను. అంతే."

కానిస్టేబుల్ వచ్చి అతన్ని బయటికి తీసుకెళ్ళాడు. పాప తలుపు వైపు చూస్తూ నిలబడిపోయింది. శిల్పి దాన్ని దగ్గరికి లాక్కుని గట్టిగా ఏడ్చాడు. ఇన్‌స్పెక్టర్ ఉన్నాడన్న మొహమాటం కూడా పడలేదు.

కాసేపటికి పాప విడిపించుకుని బల్ల దగ్గరికెళ్ళింది. తన జేబులోని బొమ్మని ఇంటి బొమ్మకి ఆనించింది. అది పడకుండా ఆగింది. పాప రెండింటినీ చూసి, తాతయ్య వైపు తిరిగింది.

"రెండూ ఇక్కడే ఉన్నాయి. మరి అమ్మకి తోడేది తాతయ్యా?"

నత్త కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు.

శిల్పి కండువాతో మొహం తుడుచుకున్నాడు. కింద పడిన ఉలి వెతికి తీసుకున్నాడు. చెక్కల్లోంచి ఒక చిన్న ముక్క ఏరి, పాపని పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"చేద్దాం అమ్మా," అన్నాడు. "కళ్ళు నువ్వు దిద్దుదువుగాని."