రేవు దండెం మీద అమ్మమ్మ తివాచీ

ఆ వారం హెల్కా సముద్రపు రేవులో రెండుసార్లు ఉతికింది. గురువారం అమ్మమ్మ తివాచీని ఉతికి ఆరేసింది. శనివారం ఏలిస్ అనే కుర్రాణ్ణి ఉతికి ఆరేసింది.

పాపం, ఏలిస్ చేసిన పొరపాటల్లా ఆ తివాచీనే భుజాన వేసుకుని రేవులోకి రావడం.

"దొంగిలించిన సొత్తు భుజాన వేసుకుని ఇంత దర్జాగా వస్తారా ఎవరైనా?"

"అయ్యో, దొంగతనం కాదండీ! గురువారం మీరు అటు వెళ్తుండగానే మబ్బు పట్టింది. తడిసిపోతుందని మా ఇంటికి తీసుకెళ్ళి ఆరబెట్టాను."

"ఎవర్ని అడిగి?"

ఏలిస్ నీళ్ళు నమిలాడు. ఎదురుగా సముద్రమే ఉంది కనుక నీళ్ళకు కొదవలేదు.

హెల్సింకీలో ఆ రేవు ఊరందరిదీ. బల్లల మీద తివాచీలు పరిచి, పైన్ సబ్బుతో రుద్ది, దండేల మీద వేసి ఇళ్ళకు పోతారు. ఆరాక వచ్చి తీసుకుంటారు. కాపలా ఉండదు, తాళం ఉండదు. పక్కవాళ్ళ తివాచీని ఎవరూ చూపుతో కూడా ముట్టుకోరు. అలాంటి చోట ఏలిస్ ఏకంగా మూటే కట్టాడు.

"మా అమ్మమ్మ పెళ్ళయినప్పటి నుంచీ ఈ దండెం మీదే ఆరేస్తోంది," హెల్కా గొంతు కాస్త తగ్గింది. "పాత బట్టల పేలికలతో నేసిన తివాచీ ఇది. ఇదిగో ఈ నీలం పేలికలు తాతయ్య చొక్కావి. నిన్న దండెం ఖాళీగా ఉందని చెబితే తివాచీ కోసం ఏడవలేదు. 'ఇక ఊరు మనది కాదులే' అంది. తలుపుకి రెండో తాళం పెట్టించమంది. శనివారం రేవు మానని మనిషి, ఇవాళ రానని కూర్చుంది."

ఏలిస్ మొహం తివాచీకంటే తడిగా తయారైంది.

"నేనొచ్చి చెబుతానండీ."

"పదండి. మా లెంపి అమ్మమ్మ ముందు లెంపలేసుకుందురుగాని!"

ఇంట్లో లెంపి అమ్మమ్మ తివాచీని ఒళ్ళోకి తీసుకుని వాసన చూసింది. సబ్బు వాసన మధ్యలో ఎవరింటిదో కాఫీ వాసన.

"మా పిల్లని ఎప్పుడైనా చూశావా అబ్బాయ్?"

"వేసవి మొదలైనప్పటి నుంచీ ప్రతి గురువారం పక్క బల్లేనండీ."

"మరి అడగలేదేం?"

"తను నాతో ఎప్పుడూ మాట్లాడలేదు కదండీ... పలకరిస్తే ఇబ్బంది పడుతుందేమోనని."

"నేనూ అందుకే మాట్లాడలేదు!" అనేసి హెల్కా నాలుక్కరుచుకుంది.

అమ్మమ్మ ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, పగలబడి నవ్వింది. "ఏం పిల్లలర్రా! 'బాగున్నారా' అనడం కంటే తివాచీ ఎత్తుకుపోవడమే తేలికైందా? హెల్కా, ఆ రెండో తాళం అక్కర్లేదు. అబ్బాయ్, దీన్ని మళ్ళీ ఉతకాలి."

"శుభ్రంగానే ఉందండీ!"

"నీ కాఫీ వాసన నాకెందుకు? వచ్చే శనివారం ఇద్దరూ కలిసి ఉతకండి. పిండడానికి ఎలాగూ ఇద్దరు కావాలి. నేనొచ్చి చూస్తాను."

అన్నట్టే వచ్చింది. దాల్చినచెక్క బన్ను చేత పట్టుకుని బెంచీ మీద రాణిలా కూర్చుంది. వీళ్ళు ఉతికారు, పిండారు. నురగ చిమ్ముకున్నారు. 'మీరు' ఎక్కడో సబ్బునీళ్ళలో కొట్టుకుపోయి 'నువ్వు' తేలింది. తివాచీ దండెం ఎక్కిందో లేదో, టప్పుమని ఒక చినుకు పడింది.

ఏలిస్ చెయ్యి అలవాటుగా లేచి, గాలిలోనే ఆగింది.

"తీయనా?"

"వద్దు, తడవనీ. ఎండ వస్తే అదే ఆరుతుంది. ఎవరూ ముట్టుకోరు."

లేచిన చెయ్యిని ఎక్కడ దించాలో ఏలిస్‌కి తెలియలేదు. పక్కనే, దండెం మీద, హెల్కా చెయ్యి ఉంది.

"దీనికీ అడగాలా?"

"ఇక్కడ అడక్కుండా ఏదీ ముట్టుకోకూడదు. నీకింకా తెలియలేదా?"

"అయితే అడుగుతున్నా."

వాన జోరందుకుంది. హెల్కా తన చెయ్యే తీసుకెళ్ళి అతని చేతిలో పెట్టింది.

వెనకాల బెంచీ మీద లెంపి అమ్మమ్మ గొడుగు విప్పి, బన్నునే తదేకంగా చూస్తూ అంది:

"కానివ్వండి, కానివ్వండి. పక్కవాళ్ళ దండెం వైపు నేను చూడను. అది ఈ రేవు పద్ధతి."