కండక్టరమ్మ చరాస్తులు

సుగుణావతి నెత్తిన పెట్టిన టోపీ ఇడ్లీపాత్ర మూతలా ఉంది. దానికున్న వైర్లన్నీ విప్పి ముడేస్తే కాశీ దాకా వెళ్ళి, గంగలో ఓ మునక వేసి, తిరిగొచ్చినా ఇంకా కాస్త మిగులుతాయి. ఎదురుగా గోడంత స్క్రీను. దాని మీద గంధవరం మునిసిపాలిటీ పద్నాలుగో వార్డులో ఉన్నవన్నీ ఫొటోలుగా ఒకదాని వెనక ఒకటి వస్తున్నాయి.

"ఊరికే చూస్తూ ఉండండి ఆంటీ. ఏమీ ఆలోచించకండి," అంది డాక్టర్ నసీమా. ఆ టోపీని కనిపెట్టింది ఆ అమ్మాయే.

"ఆలోచించకుండా ఎలాగమ్మా? ఆ వాటర్ ట్యాంకు చూడు. మూత మళ్ళీ ఎవడో తెరిచి వదిలేశాడు."

మిషను కుయ్యిమంది.

నసీమా ఉలిక్కిపడి అంకెల వైపు చూసింది. పక్కనున్న రిటర్నింగ్ ఆఫీసరు పరమేశం గారు కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు.

ఎన్నికల్లో నిలబడేవాళ్ళ ఆస్తుల అఫిడవిట్‌ని ఉత్త కాగితం మీద నమ్మడం మానేసిన కాలమది. అంతకుముందు అభ్యర్థులు పదిహేను కార్లలో దిగి, "నాకు వాహనం లేదు" అని సంతకం పెట్టి, ఆ పదిహేను కార్లలోనే వెళ్ళిపోయేవారు. మేడలు బావమరిది పేర, తోటలు వంటమనిషి పేర ఉండేవి. ఒకాయన రైస్ మిల్లు పెంపుడు చిలక పేర ఉండేదట. ఆ చిలకని విచారణకు పిలిస్తే లాయరు వచ్చేదాకా నోరు విప్పలేదని చెప్పుకునేవారు.

అప్పుడు నసీమా ఒక సంగతి పట్టుకుంది. మనిషి మెదడులో, కుడి చెవికి కాస్త పైన, ఆవగింజంత చోటుంది. పెళ్ళిలో భోజనం చేసి బయటికొచ్చినప్పుడు వెయ్యి జతల చెప్పుల మధ్య మన జత కనబడగానే ప్రాణం లేచొస్తుంది చూడండి, ఆ లేచొచ్చే చోటే అది. తనది అనుకున్నది కంటపడితే అక్కడో సిగ్నల్ పుడుతుంది. టోపీ దాన్ని పట్టుకుంటుంది. కంప్యూటరు ఆ వస్తువు మార్కెట్ ధర వెతికి కూడేస్తుంది. మనుషుల పేర దాచుకునేవాళ్ళూ ఉంటారు గనక వార్డులోని మొహాలు కూడా చూపిస్తారు. దాని పేరు మమకార మీటర్.

మీటర్ చూపించినవన్నీ అఫిడవిట్‌లో ఉండాలి. లేకపోతే మూడింటిలోగా రాసివ్వాలి. అదీ చెయ్యకపోతే నామినేషన్ కొట్టేస్తారు.

ఆ రోజు ఆ వార్డుకి నిలబడింది ఇద్దరే. ఒకరు సుగుణావతి, టౌన్ బస్సులో రిటైరైన కండక్టరు. ఆమె "ముందుకు జరగండి, ముందు ఖాళీ ఉంది" అని ఒక్క కేక వేస్తే తన బస్సులో వాళ్ళే కాదు, పక్క జిల్లా బస్సుల్లో వాళ్ళు కూడా జరిగేవారు. రెండోవాడు పొట్నూరు చక్రధర్రావు, ఊళ్ళో ఒకే ఒక్క మాల్‌కి యజమాని. ఆ సంగతి అందరికీ తెలుసు, కాగితాలకి తప్ప. తను గెలిస్తే వార్డులోని బస్ షెడ్డు పడగొట్టి మాల్‌కి పార్కింగ్ వేయిస్తానన్నాడు. షెడ్డు పోతే బస్సు హైవే మీదే ఆగి వెనక్కి తిరుగుతుంది. డయాలసిస్‌కి వెళ్ళే ముసలివాళ్ళూ, కాలేజీకి వెళ్ళే ఆడపిల్లలూ రెండు మైళ్ళు నడవాలి. ఇన్నాళ్ళూ ఎవరు ఏ పార్టీ టికెట్టిస్తానన్నా "నా దగ్గరే బోలెడు టికెట్లున్నాయి" అని తిప్పి పంపిన సుగుణావతి, షెడ్డు మాట వినగానే వెళ్ళి నామినేషన్ వేసేసింది.

పొద్దున్న చక్రధర్రావు వంతు అయింది. మాల్ ఫొటో వచ్చింది, మీటర్ పలకలేదు. అతనివేనని ఊరంతా చెప్పుకునే రొయ్యల చెరువులు, మేడ వచ్చాయి, పలకలేదు. అంకె సున్నా దగ్గరే నిలబడింది. పరమేశం గారు ముద్ర వేసి సున్నా సర్టిఫికెట్ ఇచ్చారు. నసీమా మాత్రం అరచేతిలో గడ్డం పెట్టుకుని కూర్చుంది. ఇన్‌కమ్ టాక్సు వాళ్ళతో, పేపర్ల వాళ్ళతో, చివరికి కట్టుకున్న పెళ్ళాంతో కూడా "అది నాది కాదు, నాది కాదు" అని ఇరవై ఏళ్ళు చెప్పిచెప్పి, ఆ మాట అతని మెదడే నమ్మేసింది.

ఇప్పుడు సుగుణావతి దగ్గర మిషను ఆగకుండా కూస్తోంది. స్కూలు, కుయ్యి. పార్కు, కుయ్యి. మూడో లైన్లో మూతలేని కాలవ, కుయ్యి. ఆ కాలవలో పడ్డ కుక్కపిల్ల, కుయ్యి.

చివరికి పరమేశం గారు గొంతు సవరించుకున్నారు. "అమ్మా, మీ అఫిడవిట్‌లో రెండు గదుల ఇల్లు, కుట్టుమిషను, మెడలో గొలుసు ఉన్నాయి. మీటర్ తొమ్మిది వందల కోట్లంటోంది."

వెనక కుర్చీలో చక్రధర్రావు పడీపడీ నవ్వాడు. "కండక్టరత్తా, చిల్లర లేదని మా దగ్గర నొక్కేసింది ఇంతైందా?"

"నీ దగ్గర చిల్లరెప్పుడు తీసుకున్నాన్రా చక్రీ? బడికెళ్ళినన్నాళ్ళూ ఇంజన్ బాక్సు మీద కూర్చుని ఉత్తినే తిరిగావు."

నసీమా ఆమె పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. "తప్పు నాదే ఆంటీ. సొంతానికీ, సొంతమనుకోవడానికీ తేడా దీనికి నేర్పలేదు. ఇంకోసారి చూద్దాం. ఇవేవీ మీవి కావని గట్టిగా అనుకోండి. ఆ ట్యాంకు మీకేమీ కాదు."

"నాకేమీ కాదు," అంది సుగుణావతి, బుద్ధిగా.

ట్యాంకు ఫొటో వచ్చింది. ఆమె పళ్ళు బిగించింది. నాది కాదు, మునిసిపాలిటీది. మూత తెరిచుంటే ఉండనీ. కాకి పడితే పడనీ. ఆ నీళ్ళు తాగేది ఎవరు? పిల్లలు.

కుయ్యి.

స్కూలుకీ అంతే అయింది. బస్సు వచ్చేసరికి కళ్ళు గట్టిగా మూసుకుంది. "కళ్ళు తెరవాలి ఆంటీ" అని నసీమా బతిమాలింది. తెరిచింది. ఈసారి మిషను ఎలా కూసిందంటే, బయట రోడ్డు మీద నిజం బస్సు బ్రేకేసింది.

తరవాత వార్డులోని మొహాలు. ఒక్కొక్క మొహానికీ అదే గోల. ఆఖరున చక్రధర్రావు మొహం వచ్చింది. మిషను రెండుసార్లు కూసింది.

చక్రధర్రావు నవ్వు ఆపేశాడు.

గడియారం మూడుకి దగ్గరపడుతోంది. "నన్నేం చెయ్యమంటారమ్మా, రూలు రూలే," అన్నారు పరమేశం గారు. ఆయన మొహం చూస్తే రూలు రాసినవాణ్ణి నమిలేసేలా ఉన్నారు.

సుగుణావతి టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుంది. ఒకప్పుడు బస్సు కిక్కిరిసి, మెట్టు మీద ఇంకా నలుగురు వేలాడుతుంటే ఎక్కడ సర్దాలా అని చూసిన చూపు ఒకటుంది ఆమెకి. ఆ చూపే చూసింది.

"బాబూ, మీ రూలు ఏమంటోంది? మీటర్‌లో ఉన్నవన్నీ కాగితంలో ఉండాలి, అంతేనా?"

"అంతే."

"నా పేర రిజిస్టరై ఉండాలని ఉందా?"

ఆయన పుస్తకం తిరగేశారు. ముందునుంచి వెనక్కి, వెనకనుంచి ముందుకి. "లేదమ్మా."

"అయితే కాగితాలు తెప్పించండి."

"ఆలోచించుకోండి. సంతకం పెట్టాక పన్ను మీ మీదికే వస్తుంది. ట్యాంకు కారినా మిమ్మల్నే అడుగుతారు."

"ఇప్పుడు మాత్రం ఎవర్నడుగుతున్నారు?" అని కలం అందుకుంది సుగుణావతి.

కదిలే బస్సులో, దేన్నీ పట్టుకోకుండా, గతుకుల రోడ్డు మీద లెక్కలు రాసిన చెయ్యి అది. కాగితం మీద అటు నుంచి ఇటు వస్తుంటే ఆ గాలి చాలని ఫ్యాను ఆపేశారు. స్థిరాస్తుల కింద ట్యాంకు, స్కూలు, పార్కు, కాలవ, షెడ్డు. చరాస్తుల కింద బస్సు, కుక్కపిల్ల, ఇంటింటి పిల్లలూ పెద్దలూ. అన్నిటికన్నా కింద, జాగా లేక ఇరికించి, చివరి పేరు. మూడు కొట్టేలోపు సంతకం పడింది.

ఆసియాలో అంత ఆస్తి చూపించి వార్డు మెంబరుగా పోటీ చేసినవాళ్ళు లేరు. ఎన్నికలయ్యాయి. సుగుణావతికి ఓట్లు ఎలా పడ్డాయంటే, చక్రధర్రావు తన ఓటు తనకే వేసుకున్నాడా అని జనం ఇప్పటికీ వాదించుకుంటారు. ఏ సంగతైనా చెప్పుకోవడానికి ఓనరంటూ ఒక మనిషి దొరికినందుకు వార్డంతా ఆమె గుమ్మంలోనే కాపురం పెట్టింది. "అమ్మా, మీ కాలవ పొంగింది." "మీ స్కూల్లో పంకా తిరగట్లేదు." ఆస్తి పన్ను నోటీసు లారీలో వచ్చింది. ఆ కాగితాలు షెడ్డులో వేరుశనక్కాయల బండి వాడికి ఏడాది పొడుగునా సరిపోయాయి. బస్సు మాత్రం రోజూ షెడ్డు దాకా వచ్చింది.

చక్రధర్రావు ఓడిన బాధ తీరకముందే, మాల్ ఎవరి పేర ఉందో ఆ బావమరిది కామేశం దాని తాళాలు మార్చేశాడు.

"బావా, నేనన్న మాట కాదిది. నీ మెదడే అంది. గవర్నమెంటు ముద్ర కూడా ఉంది," అని సున్నా సర్టిఫికెట్ జెరాక్సు చేతిలో పెట్టాడు. చెరువుల వాడూ అదే చూపించాడు, మేడ వాడూ అదే. ప్రపంచంలో సొంత మెదడు సాక్ష్యం చెప్పి దివాలా తీయించిన మొదటి మనిషి అతనే. కోర్టుకి వెళ్దామంటే లాయరు ఫీజుకి కావలసిన డబ్బు కూడా ఎవరి పేర మీదో ఉంది.

ఒకరోజు పొద్దున్న సుగుణావతి బస్సు ముందు సీట్లో కూర్చుని, పక్కనున్న ముసలాయన చెబుతున్న కాలవ గోడు వింటోంది. షెడ్డు దగ్గర చేతిసంచీతో చక్రధర్రావు ఎక్కాడు. గడ్డం మాసింది. జేబులు తడుముకుని, మెట్టు మీదే ఆగిపోయాడు.

"కండక్టరత్తా."

"ఏరా."

"నీ కాగితంలో నన్ను కూడా రాశావట."

"రాశాను."

అతను సంచీ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. "స్థిరాస్తిలోనా, చరాస్తిలోనా?"

సుగుణావతి అతన్ని కిందనుంచి పైదాకా చూసింది. పలహారం తిన్నట్టు లేడు. తన టిఫిన్ డబ్బా తీసి ఇంజన్ బాక్సు మీద పెట్టింది.

"చరాస్తివిరా చక్రీ. అక్కడే నిలబడితే ఎలా? ముందుకు జరుగు, ముందు ఖాళీ ఉంది."