ఏడో నంబరు బిళ్ళ

కళ్ళజోడు అనే ఆ పెద్దాఫీసరు తనకి చేసిన అన్యాయాలు ఏకరువు పెట్టాలంటే అతనికి ఒక సర్వీసు చాలదు. తను పట్టిన దొంగకి ఇంకొకడి మెడలో మెడల్ వేయించాడు. తను తిన్న తూటాని రిపోర్టులో ‘స్వల్పంగా గీసుకుంది’ అని రాయించాడు. అవన్నీ దిగమింగాడు గానీ, కోడ్ నేమ్ సంగతి మాత్రం ఈ జన్మకి మరిచిపోడు. గూఢచారి డిపార్ట్‌మెంట్‌లో మిగతావాళ్ళు డేగ, చిరుత, నెమలి. తను పందికొక్కు.

“ఎనిమిదో క్లాసు మధ్యలో మానేశావు. కుర్రతనమంతా గనిలో తవ్వుకున్నావు. ఇంతకన్నా అతికే పేరుంటే నువ్వే చెప్పవోయ్,” అన్నాడు అప్పట్లో కళ్ళజోడు.

ఇవాళ అదే మనిషి బల్ల మీద ఒక ఫోటో తోశాడు. కొండ. కొండ నెత్తిన రాడార్ స్టేషన్. కొండ పాదం దగ్గర నల్లగా తెరుచుకున్న నోరు.

పందికొక్కు ఫోటోని ఒక వేలితో వెనక్కి తోశాడు.

“నీ పాత గనే. ఇప్పుడు సెలవులకొచ్చిన జనాన్ని లోపల తిప్పి చూపిస్తున్నారు. తొమ్మిది రోజులుగా విదేశీ ముఠా ఒకటి దాని అడుగున ఏదో చేస్తోందని కబురు. రాడార్ ఒక్క గంట గుడ్డిదైతే చాలు, వాళ్ళ విమానాలు మన నెత్తిమీదుంటాయి.”

“ఇంకెవర్నైనా పంపండి సార్.”

“ఏం? దయ్యాలా?”

అవుననలేకపోయాడు. ముప్ఫై ఒక్క ఏళ్ళ కిందట ఆ గనిలో పైకప్పు కూలి ఆరుగురు పోయారు. వాళ్ళలో తన అన్న ఒకడు. బతికి బయటపడ్డ ఏడోవాడు తను. అప్పుడు పద్దెనిమిదేళ్ళు. కప్పుకి ఆనించిన దుంగ మూలగడం విన్నాడు, కాళ్ళు వాటంతటవే పరిగెత్తాయి. వెనక్కి తిరిగి “అన్నా!” అని ఒక్క కేక వేస్తే సరిపోయేది. వెయ్యలేదు. ఆ కేక ఇప్పటికీ గొంతులోనే ఉంది. మింగుడు పడదు, బయటికి రాదు.

“కవర్ ఏంటంటే, హాలిడేకొచ్చిన భార్యాభర్తలు. భార్యగా నెమలి వస్తుంది.” కళ్ళజోడు ఫైలు మూసేశాడు. “అదృష్టజాతకుడివోయ్.”

*

నెమలి నిజంగా నెమలే. ఎర్ర స్కార్ఫు, నల్ల కళ్ళద్దాలు. క్యూలో ఉన్న పదకొండు మంది టూరిస్టులూ గనిని వదిలేసి ఆమెనే చూశారు. పందికొక్కు నడుముకి ఆఫీసు వాళ్ళిచ్చిన బెల్టు ఉంది. బకిల్ మీట నొక్కితే అది చేతికి ఊడి వచ్చి, వైర్లు కోసే కట్టర్ అవుతుంది. బకిల్ ఊడితే ప్యాంటు కూడా ఊడుతుందన్న సంగతి దాన్ని తయారుచేసిన మేధావికి తట్టలేదు.

గేటు దగ్గర ఇత్తడి బిళ్ళల బోర్డు. పక్కన స్టూలు మీద ముసలాయన, అప్పటి ముసలాయనే. దిగేవాడు నంబరున్న బిళ్ళ తీసుకెళ్ళాలి, పైకొచ్చాక మళ్ళీ మేకుకి తగిలించాలి. సాయంత్రం ఏ మేకు ఖాళీగా ఉంటే ఆ మనిషి ఇంకా లోపలున్నట్టు. వెతకడానికి దిగుతారు.

ముసలాయన టోపీ లైటు, చేతికర్ర అందిస్తూ మొహంలోకి తేరిపార చూశాడు.

“తప్పించుకున్న తమ్ముడివి కదరా నువ్వు?”

“పొరబడ్డావు తాతా. మేం సెలవులకొచ్చాం.”

“ఔన్లే. అందరూ సెలవులకే వస్తారు.” గొంతు తగ్గించాడు. “మీ అన్న బిళ్ళ లోపలే పోయింది కదా, ఆ ఏడో నంబరుకి నేనే కొత్తది కొట్టించి తగిలించా, ఎవరికీ ఇవ్వను. తొమ్మిది రోజులుగా పొద్దున చూస్తే ఉండట్లేదు. సాయంత్రానికి మళ్ళీ మేకుకి వేలాడుతోంది. మీ అన్న ఇంకా డ్యూటీకి దిగుతున్నాడురా.”

ఏడో మేకు ఖాళీగా ఉంది.

నెమలి కిసుక్కున నవ్వింది. “దయ్యానిక్కూడా బిళ్ళ కావాలా తాతగారూ?”

పందికొక్కు నవ్వలేదు. ఒళ్ళు జలదరిస్తున్నా బుర్ర పనిచేస్తూనే ఉంది. దొంగచాటుగా దిగేవాడు ఆ బోర్డు ఛాయలకే రాడు. దయ్యానికి దాంతో పనే లేదు. బిళ్ళ లేకుండా చీకట్లో కాలు పెట్టలేని జాతి ఒక్కటే ఉంది, గని కూలీలు. తల తీస్తానన్నా సరే, వాడి చెయ్యి ముందు మేకు మీదికే పోతుంది. అంటే లోపలున్నవాడు తనలాంటివాడే.

మరి అన్ని నంబర్లుండగా ఏడే ఎందుకు?

*

గైడు టూరిస్టుల్ని కుడివైపు, దీపాలు పెట్టిన హాల్లోకి తీసుకెళ్ళాడు. నెమలి ఎడమకి లాగింది. అడ్డంగా కట్టిన తాడు దాటి, మలుపు తర్వాత మలుపు, మ్యాప్ తియ్యకుండానే నడిచింది.

“దారి బాగానే తెలుసే నీకు.”

“హోంవర్క్ చేశానండీ శ్రీవారూ.”

పందికొక్కు పాత అలవాటుగా చేతికర్రతో పైకప్పు తట్టాడు. డొల్లగా మోగింది, అంటే కప్పు వదులైంది. మళ్ళీ మూడుసార్లు తట్టాడు.

చీకట్లోంచి జవాబొచ్చింది. టక్, టక్, టక్.

మూడు దెబ్బలంటే ‘ఇక్కడున్నాను’ అని. అది తనకి నేర్పింది అన్న.

చివరి మలుపులో లాంతరు వెలుగు. గోడ పొడవునా పేలుడు మందు పెట్టెలు. టైమర్ మీద ఎర్రంకెలు, ఇంకా పది నిమిషాలు. పెట్టె మీద కూర్చున్నవాడు తలెత్తాడు. నెరిసిన గడ్డం. మెడలో ఇత్తడి బిళ్ళ.

“ఇప్పుడా రావడం తమ్ముడూ?”

వెనక సేఫ్టీ క్యాచ్ టిక్కుమంది. నెమలి చేతిలో పిస్టల్. “గోడకి ఆనుకోండి పందికొక్కు గారూ. అటువాళ్ళు ఇచ్చే జీతం ఎక్కువ. పేర్లు కూడా మర్యాదగా పెడతారు.”

అతను ఆమె వైపు చూడలేదు. “అన్నా, నువ్వు... పోయావు.”

“మూడు రోజులు రాయి తట్టాను. పైవాళ్ళకి వినపడింది. వినీ గని మూసేశారు. పాత నీళ్ళ కాలవలో పాకి కొండ అవతల, సరిహద్దు దాటి తేలాను. అక్కడివాళ్ళు తిండి పెట్టారు.” అన్న గొంతులో కోపం లేదు. అదే భయంగా ఉంది. “వాళ్ళు మూసేస్తే మూశారు. నువ్వు ఒక్క కేకన్నా వెయ్యలేదేంరా?”

“వంశ చరిత్ర తర్వాత,” అంది నెమలి. “ముసలాడా, కాలవ దారి పట్టు.”

అప్పుడు దుంగ మూలిగింది.

నిద్రలో మనిషి అటునుంచి ఇటు ఒత్తిగిలినట్టు, సన్నగా. అన్నదమ్ములిద్దరూ ఒకేసారి పక్కకి దూకారు. “అబ్బో, దయ్యాలు!” అంటూ నెమలి ఉన్నచోటే నిలబడింది. గుమ్మమంత రాయి దిగింది. పిస్టల్ దాని కింద పోయింది, అంచు తలకి తగిలి ఆమె కుప్పకూలింది. అన్న వయసు అన్నని మోసం చేసింది. రెండో రాయి మోకాలి కింద పట్టేసింది.

పందికొక్కు విరిగిన దుంగ ముక్క తెచ్చి రాయి కింద దూర్చి ఎత్తసాగాడు. కదల్లేదు. ఇంకోవైపు నుంచి ఎత్తాడు. అరచేతులు చీరుకుపోయాయి. గోడ అవతల టూరిస్టుల నవ్వులు సన్నగా వినపడుతున్నాయి. నాలుగు నిమిషాలు. రెండు.

“వైరు కొయ్యడం మానేసి రాయెత్తుతావేంట్రా వెధవా?”

“ముందు నువ్వు బయటికి రా.”

“అవతల అంతమంది జనం ఉన్నారు.”

“ఏ వైరో నాకు తెలీదు. నువ్వు చెబుతావన్న ఆశా లేదు. వదిలేసి మాత్రం పోను.” దుంగ మీద బరువంతా వేశాడు. అది ఫెళ్ళున విరిగింది.

అన్న అతని చేతుల నెత్తురు చూశాడు. తర్వాత టైమర్ వైపు చూశాడు.

“నల్లది,” అన్నాడు. “ఎర్రది ముట్టుకున్నావో, కొండ లేచిపోద్ది.”

ఇరవై సెకన్లు. ముప్ఫై ఒక్క ఏళ్ళు చీకట్లో పగ పెంచుకున్నవాడి మాట. అబద్ధమైతే ఆ సంగతి తెలుసుకోవడానికి తనుండడు. పందికొక్కు బకిల్ ఊడబీకాడు. ఒక చేత్తో ప్యాంటు పట్టుకుని, రెండో చేత్తో కట్టర్ నల్ల వైరు మీద పెట్టి కళ్ళు మూసుకున్నాడు.

టిక్.

అంకెలు మూడు దగ్గర ఆగాయి.

నిశ్శబ్దంలో పైన దుంగలన్నీ ఒకదాని తర్వాత ఒకటి మూలగడం మొదలుపెట్టాయి. అన్న మెడలో బిళ్ళ తెంపి విసిరాడు.

“మేకుకి తగిలించు. నాకోసం ఎవర్నీ దిగొద్దని చెప్పు. ఆ పిల్లని మోసుకుని ఫో.”

పందికొక్కు నెమలిని భుజానికెత్తుకున్నాడు. మలుపు దగ్గర కాళ్ళు పరిగెత్తాయి. కానీ ఈసారి వెనక్కి తిరిగాడు. “అన్నా!” ఆ కేక కొండంతా తిరిగింది. కప్పు కూలిన చప్పుడులో, ఒక్క క్షణం, మూడు దెబ్బలు వినపడ్డాయో వినపడినట్టు అనిపించిందో అతనికి తెలీదు.

*

మిషన్ సక్సెస్. ఏడో బిళ్ళ మేకుకి, నెమలి జైలుకి, మెడల్ కళ్ళజోడుకి. పందికొక్కుకి అకౌంట్స్ సెక్షన్ నుంచి ఒక కవరు వచ్చింది.

‘సదరు సోదరుడు గని ప్రమాదంలో మరణించినట్టు చూపి తమ తల్లిగారు అప్పట్లో నష్టపరిహారం పొందియున్నారు. ఆ తేదీన ఆయన మరణించలేదని తమ రిపోర్టు వలననే రుజువైనందున, ఆ మొత్తం తమ జీతం నుండి రాబట్టబడును. ఇటీవల మరణించిన నాటికి ఆయన గని ఉద్యోగి కానందున కొత్త పరిహారం వర్తించదు.’

“వడ్డీ నేనే మాఫీ చేయించానోయ్,” అన్నాడు కళ్ళజోడు. “థాంక్స్ ఏమీ అక్కర్లేదు.”

ఆ నెల జీతంలో కోత, నాలుగు వేల రెండు వందల పదిహేను.