ఒక్క సెకను దగ్గర ఆగిన ఆట

"మీ అక్క అడ్రసు కూడా ఆ లిస్టులో ఉంది," అన్నాడు చీఫ్, ఫైలు తెరవకుండానే.

ఏజెంటు కుర్చీ ముందుకి లాక్కున్నాడు. ఈ ఉద్యోగానికి ముందు స్కూల్లో కంప్యూటర్ పాఠాలు చెప్పాడు కాబట్టి డిపార్ట్‌మెంట్‌లో అందరూ అతన్ని మాస్టారనే పిలుస్తారు.

"చిన్న గేమ్ స్టూడియో ముసుగులో విదేశీ ముఠా. అవతలి దేశంలో ఉన్న మన తొమ్మిదిమంది గూఢచారుల అడ్రసులు గేమ్‌లో దాచారు. రాసిన ప్రోగ్రామర్ పారిపోయాడు. తను సరిహద్దు దాటేశాక, మధ్యాహ్నం పన్నెండింటికి లిస్టు దానంతటదే ఆ దేశానికి వెళ్లేలా పెట్టాడు. అక్కడ బొమ్మలు గీసే అమ్మాయి మన మనిషే."

"నమ్మొచ్చా సార్?"

"ఇప్పటివరకూ నమ్మాం."

పదకొండున్నరకి అతను ప్రింటర్ మెకానిక్ వేషంలో స్టూడియో కింద నిలబడ్డాడు. ఆ బొమ్మలు గీసే అమ్మాయి ఎర్ర కోటులో లిఫ్ట్‌లోంచి బయటికి రాగానే వాచ్‌మన్ కారణం లేకుండా లేచి నిలబడ్డాడు.

"మీ గేమ్‌లో ఎన్ని లెవెల్స్?" అనడిగాడు అతను.

"ఒకటే. అదీ సగమే."

సంకేతం సరిపోయింది. మనసే కుదుటపడలేదు. మూడో అంతస్తని చెప్పి ఐదుకి తీసుకెళ్లింది. తాళంచెవి మర్చిపోయానని మళ్లీ కిందికి దిగి, ఇరవై నిమిషాలకి గానీ రాలేదు.

"సారీ అన్నయ్యా, కంగారులో ఉన్నా."

అంత కంగారులోనూ లిప్‌స్టిక్ చెదరలేదు.

గదిలోకి అడుగుపెట్టేసరికి పన్నెండుకి ఇంకా నలభై సెకన్లున్నాయి. బల్లమీద లాప్‌టాప్. తెరమీద చిన్న పడవ, మూలన తరిగిపోతున్న అంకె.

"చూస్తారేంటి? మూసెయ్యండి!"

అతను మూయలేదు. పక్కన కోడ్ తెరిచాడు. గేమ్‌లు రాయడానికి స్కూల్లో పిల్లలకి నేర్పిన ఫ్రేమ్‌వర్కే. అంకె సున్నా అయితే లిస్టు వెళ్తుంది. గేమ్ మూసినా వెళ్తుంది, ఆ క్షణమే. పవర్ బటన్‌తో చంపాలంటే ఐదు సెకన్లు నొక్కిపట్టాలి.

అంకె నాలుగు.

ఆ ఫ్రేమ్‌వర్క్‌లో పనంతా ఒక్కచోటే. పడవ నడిపేది, బొమ్మ గీసేది, అంకె తగ్గించేది అంతా ఒకే లూప్, మళ్లీ మళ్లీ తిరిగే ఒకే ఆదేశాల వరస. విండో పైపట్టీని మౌస్‌తో నొక్కి పట్టుకుంటే ఆ లూప్ కాస్తా నిలబడిపోతుంది. "సార్, నా గేమ్ ఆగిపోయింది" అంటూ ప్రతి ఏడూ పిల్లలు తెచ్చే ఫిర్యాదే.

మాస్టారు పట్టీని పట్టుకున్నాడు. పడవ కెరటం మీదే ఆగింది. అంకె ఒకటి.

"ఏమైంది?" అందామె.

"హ్యాంగైనట్టుంది."

ఆమె మొహం పాలిపోయింది. "అయ్యో! ఇప్పుడెలా? ఏదో ఒకటి చెయ్యండి, నడవాలి కదా!"

లిస్టు ఆగాలనుకునే మనిషికి హ్యాంగైందన్న మాట చల్లగా వినిపించాలి. అతని అనుమానం నిజమైంది.

"కదపకండి, బాగుచేస్తున్నా," అన్నాడు నెమ్మదిగా. కుడిచేయి మౌస్ వదల్లేదు. ఎడమ బొటనవేలు పవర్ బటన్ మీద ఉంది. ఐదంకెలు లోపల లెక్కపెట్టుకున్నాడు. ప్రతి అంకెకీ అక్క మొహమే.

తెర నల్లబడింది.

ఆమె లిప్‌స్టిక్ మూత తీసింది. లోపల సన్నటి తుపాకీ గొట్టం. అప్పటికే, గదిలోకి వస్తూ అతను వాచీలో నొక్కిన సిగ్నల్‌కి, డిపార్ట్‌మెంట్ వాళ్లు నలుగురు తలుపు తోసుకుని లోపలికి వచ్చేశారు.

సాయంత్రం చీఫ్ ఫోన్ చేశాడు. "తొమ్మిదిమందీ క్షేమం. మీ అక్కకి చెప్పమంటావా, నువ్వే కాపాడావని?"

"వద్దు సార్. ఆఫీసు టైంలో వీడియో గేమ్ ముందు కూర్చున్నానని తెలిస్తే తిడుతుంది."