పులుపుకు సరిపడే మోత

చిగుసా మొదటిరోజే కుదో ప్రయోగాన్ని పాడుచేసింది.

సెందాయ్ విశ్వవిద్యాలయ మనస్తత్వశాస్త్ర ల్యాబ్‌లో కుదో చేయించేది చిన్న పనే. నాలుక మీద ఒక చుక్క వేస్తాడు. అదెంత పుల్లగా ఉందో, హెడ్‌ఫోన్లలో మోత అంత గట్టిగా వచ్చేదాకా మీట తిప్పాలి. పులుపెక్కడ, మోతెక్కడ అని అందరూ ముందు నవ్వుతారు. మీట పట్టుకున్నాక మాత్రం ఎవరి చెయ్యీ తడబడదు. అన్నిటికంటే పుల్లటి చుక్కకు అందరూ మీటను సగం దాటించారు. చిగుసా మాత్రం వేలితో కాస్త కదిలించి వదిలేసింది.

యంత్రం చెడిందనుకుని కుదో తీగలన్నీ ఊడదీసి చూశాడు. తర్వాత, కొంచెం శ్రద్ధగా చేయమని ఆమెను మందలించాడు.

"ఇది పులుపా అండీ? మా ఇంట్లో దీంతో చేతులు కడుక్కుంటాం."

వాళ్ళది ఉమె అనే పుల్లటి కాయలు ఉప్పులో ఊరవేసి అమ్మే కొట్టు. మర్నాడు ఒక కాయ తెచ్చి, మీట అతని చేతికిచ్చి, తినమంది. అతను కళ్ళు గట్టిగా మూసుకుని మీటను చివరికంటా తిప్పేశాడు. ఆమె పొట్ట పట్టుకుని నవ్వింది. ఆ నవ్వుకు కుదో పని అప్పుడే అయిపోయింది. ఆ సంగతి ఆమెకు తెలియదని పిచ్చివాడి నమ్మకం.

ఆరు వారాలు గడిచి ప్రయోగం చివరిరోజు వచ్చింది. ఆదివారం యమగతాలో తనకు పెళ్ళిచూపులని చిగుసా చెప్పింది. కుదో "మంచిది" అన్నాడు. చేతిలో సీసా ఒలికింది.

మనసులో ఉన్నదంతా మీరు బయటికి చెప్పరేమని ఆమె నిలదీసింది. అతను తలవంచుకుని శాస్త్రం చెప్పాడు. మీట చేతిలో ఉన్నవాళ్ళు వెనకాడతారట, పెద్దదాన్ని తగ్గించి చూపిస్తారట. అందుకే ప్రయోగాన్ని తిరగేసి కూడా చేయాలట. మోత మనమిచ్చి, దానికి సరిపడేది వాళ్ళని వెతకమనాలట.

"అయితే తిరగేద్దాం. నేను మోత పెడతాను. దానికి సరిపడే మాట మీరు చెప్పండి."

అతన్ని కుర్చీలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్లు తగిలించి, మీట తాను పట్టుకుంది.

సన్నగా మోగింది. వాన వచ్చేలా ఉంది, గొడుగు తీసుకెళ్ళమన్నాడు. ఆమె తల అడ్డంగా ఊపి, మోత పెంచింది. మీరు రాకపోతే ల్యాబ్ బోసిపోతుందన్నాడు. ఇంకా పెంచింది. ఆదివారం వెళ్ళొద్దన్నాడు. ఆమె కళ్ళు తడిశాయిగానీ చెయ్యి ఆగలేదు. ఇప్పుడు చెప్పకపోతే ఈమె నాకిక దక్కదని అతనికి అర్థమైంది.

"నన్ను పెళ్ళి చేసుకోండి, చిగుసా గారూ!"

ఆ మోతలో తన గొంతు తనకే వినపడలేదు. అంతస్తంతా వినపడింది. పక్క గదుల తలుపులు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి.

చిగుసా హెడ్‌ఫోన్లు తీసేసి, ఎర్రబడ్డ అతని చెవుల మీద రెండు చేతులూ ఆనించింది.

"సరిపోయింది. ఆదివారం యమగతా వెళ్ళను. మీరే మా కొట్టుకి రండి. నాన్నగారితో కూడా సరిగ్గా ఇలాగే చెప్పండి, ఆయనకి కాస్త చెవుడు."