రెండో స్టిక్కు

శనివారం మధ్యాహ్నం. నరసరావుపేటలో ఎలక్ట్రానిక్స్ షాపు. అమూల్య మునివేళ్ళ మీద నిలబడి కౌంటర్ మీదున్న రెండు బోర్డుల వంక చూస్తోంది.

వీడియోగేమ్ పెట్టెలో స్టిక్కు తిప్పినా, బటన్ నొక్కినా ఆ సంగతి కంప్యూటర్‌కి చేరవేసేది బోర్డే. అమూల్య, పక్కింటి అల్ఫియా కలిసి సెలవులంతా అలాంటి పెట్టె ఒకటి తయారుచేశారు. చెక్కలు అమూల్య నాన్న కోసిచ్చాడు. రంగులన్నీ అల్ఫియానే వేసింది. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని ఆడాలని స్టిక్కులకి రెండు కన్నాలు పెట్టించుకున్నారు. ఇక బోర్డూ స్టిక్కులూ కొనడమే మిగిలింది.

“ఈ సాదాదైతే ఇద్దరు ఆడుకోవచ్చు. ఈ లైట్లది ఒకరికే పనిచేస్తదమ్మా,” అన్నాడు షాపు ఇలియాస్ మావయ్య.

ఆ మాట అమూల్య చెవికెక్కితే కదా. వాళ్ళది ప్రభ కట్టే ఊరాయె. శివరాత్రికి కోటప్పకొండకి కర్రలతో ఆకాశమంత ఎత్తు ప్రభ కట్టి, లైట్లు పెట్టి తీసుకెళ్తారు. దాని లైటింగ్ పనంతా అమూల్య నాన్నదే. పక్క ఊరి ప్రభకి నాలుగు బల్బులు ఎక్కువుంటే ఆ ఇంట్లో ఎవరికీ అన్నం సయించదు.

“లైట్లదే ఇవ్వు మావయ్యా.”

“అల్ఫియాని ఒక మాట అడగరాదా,” అన్నాడు పక్కనున్న నాన్న.

“దానికి మాత్రం లైట్లు చేదా నాన్నా?”

సాయంత్రం బోర్డు బిగించారు. బటన్లన్నీ రంగురంగులుగా వెలిగాయి. అల్ఫియా చప్పట్లు కొట్టింది. తర్వాత రెండో కన్నంలో వేలు పెట్టి చూసింది.

“నా స్టిక్కు ఏదే?”

“దీనికి ఒకటేనంట. వంతులేసుకుందాంలే,” అంటూ అమూల్య ఆ కన్నం మీద స్టిక్కర్ అంటించేసింది.

మొదటి వంతు అమూల్యదే. ఒక లెవల్ అయింది. ఇంకోటి మొదలుపెట్టింది.

“నా వంతు ఎప్పుడే?”

“ఈ ఒక్కటీ ఉండు.”

అల్ఫియా మళ్ళీ అడగలేదు. “అమ్మ పిలుస్తంది,” అని వెళ్ళిపోయింది. ఎవరూ పిలవలేదని అమూల్యకి తెలుసు.

కాసేపటికి గేమ్ గెలిచింది. “చూశావటే,” అంటూ వెనక్కి తిరిగింది. గదిలో ఎవరూ లేరు. సెలవులంతా కష్టపడింది ఇందుకేనా అనిపించి ఏడుపొచ్చింది.

పొద్దున్నే నాన్నని షాపుకి లాక్కెళ్ళింది.

“మార్చిస్తా గానీ, దీంట్లో లైట్లు రావు. చానా చప్పగా ఉంటది,” అన్నాడు ఇలియాస్.

“ఉండనీ మావయ్యా. ఇంకో స్టిక్కు కూడా ఇవ్వు.”

ఇంటికొచ్చి గోళ్ళతో స్టిక్కర్ గీకింది. అదేమో ఒక పట్టాన ఊడలేదు. చివరికి తడిగుడ్డతో రుద్ది వదలగొట్టి, రెండిళ్ళ మధ్య గోడ దగ్గరికి పరిగెత్తింది.

“ఏమే అల్ఫియా, తప్పు నాదే. రావే. నీ స్టిక్కు నువ్వే బిగించుకో.”

గోడ అవతల తలుపు తీసిన చప్పుడైంది.

మధ్యాహ్నం ఇద్దరినీ అన్నానికి పిలవడానికి నాన్న వచ్చాడు.

“ఏందమ్మా, ప్రభలోళ్ళ ఇంట్లో ఒక్క లైటన్నా లేని పెట్టె,” అన్నాడు.

“అడ్డం తప్పుకో నాన్నా, ఓడిపోతన్నా,” అంది అమూల్య, ముఖమంతా నవ్వుతో.