ఆరో తూటా

"ఆదెన్నను రాత్రి గుంతకల్లు రైల్లో చంపేసినారు," అన్నాడు గూఢచారి శాఖ చీఫ్ చిన్నప్ప.

1982 మే. ఉరవకొండ ట్రావెలర్స్ బంగళాలో ఫ్యాను కూడా తిరగడం లేదు. ఎదురుగా ఏజెంట్ కుళ్ళాయప్ప నిలబడి ఉన్నాడు. ఆదెన్నతో కలిసి ఎనిమిదేళ్ళు పనిచేశాడతను.

"సచ్చేముందు గార్డు చేతికి చీటీ ఇచ్చినాడు. ఈపొద్దు పిస్టల్ పోటీలో డాక్టర్ బసప్పను కాలుస్తారంట. కాల్చేవాడు ఆడే ఆటగాళ్ళలో ఒకడు."

బసప్ప రాడార్ సైంటిస్టు. ఒక విదేశీ ముఠా రెండేళ్ళుగా ఆయన వెంటపడుతోంది. షూటింగంటే ప్రాణం కాబట్టి బహుమతులివ్వడానికి ఒప్పుకున్నాడు.

"పోటీ ఆపేద్దాం సార్."

"ఆపితే వాడు మాయమైతాడు. ఇంకో ఊర్లో, ఇంకో నెలలో చంపుతాడు. ఈడైతే ఆరుమందిలో ఒకడు. నీకుండేది గంట."

కుళ్ళాయప్ప తుపాకుల తనిఖీదారు వేషంలో గ్రౌండుకు వెళ్ళాడు. బల్లమీద ఆరు పిస్టళ్ళు. అన్నీ పాయింట్ టూ టూ సెమీ ఆటోమేటిక్‌లే. పొడుగు బ్యారెల్, అరచేతికి తగ్గట్టు చెక్కిన కొయ్యపిడి, స్క్రూతో జరుపుకునే వెనక సైటు. ఒక్కోదాని ట్రిగ్గరుకు కిలో బరువు వేలాడదీశాడు. రూలు ప్రకారం ఆ బరువుకు ట్రిగ్గరు జారకూడదు, ఏదీ జారలేదు. సైలెన్సర్ లేదు, దొంగ అరలు లేవు. ఆరుగురి కాగితాలూ సవ్యంగానే ఉన్నాయి.

అరగంట అయిపోయింది. కళ్ళజోడు పెట్టెలో దాచిన వైర్‌లెస్ ఎండకు మూగబోయింది.

షామియానా కింద నల్లకళ్ళద్దాలు పెట్టుకుని, ధర్మవరం పట్టుచీర కట్టుకున్న ఒకామె అతని పక్కకొచ్చింది.

"పోయినేడు శనక్కాయ ఎట్లప్పా?"

"ఊడలే దిగలేదు."

కోడ్ సరిపోయింది. ముఠాకు ఆమె బొంబాయి రీటా. పుట్టింది మాత్రం విడపనకల్లులో, సిద్దమ్మగా. ఏడాదిగా ముఠా రహస్యాలను చిన్నప్పకు చేరవేస్తోంది.

"వాడెవడో నాకు చూపించలేదు. రూలు ప్రకారం ఐదు కాలుస్తాడంట. ఆరోది ఆ డాక్టరుకు."

"నిన్ను నమ్మేదెట్లా?"

"నమ్మకపోతే ఆయప్ప పోతాడు. నమ్మినా మానినా, నీతో మాట్లాడినందుకు నన్ను సాయంత్రం దాకా ప్రాణాలతో ఉండనీరు."

ఇంతలో విజిల్ మోగింది. ఆటగాళ్ళు తమ తమ గడుల్లో నిలబడి మ్యాగజైన్లు నింపి పిస్టళ్ళలోకి తోసేశారు. రూలు ఐదు తూటాలే అయినా ఆ మ్యాగజైన్లలో పది పడతాయి. ఇప్పుడు ఆపమని అరిస్తే వాడు వెంటనే బసప్పవైపు తిరుగుతాడు. బసప్ప కుర్చీ ఇరవై అడుగుల దూరంలో ఉంది.

విజిల్ విజిల్‌కీ ఆరుగురూ ఒకేసారి కాల్చసాగారు. ఒకటి. రెండు.

కుళ్ళాయప్ప వరసగా ముఖాలు చూశాడు. ఆరుగురి ముఖాలూ ఒకేలా కనిపిస్తున్నాయి. మూడు. ముఖాలు వదిలేసి పిస్టళ్ళు చూశాడు. ప్రతిదీ పేలగానే స్లైడు వెనక్కొచ్చి, ఖాళీ గుల్లను ఎగరేసి, కొత్త తూటాతో ముందుకెళుతోంది.

నాలుగు.

తూటాలు అయిపోతే ఈ పిస్టళ్ళ స్లైడు ముందుకు పోదు. నోరు తెరుచుకుని వెనకే ఆగిపోతుంది. లోపల ఇంకోటి మిగిలితేనే మూసుకుంటుంది.

ఐదు.

ఐదు పిస్టళ్ళు నోళ్ళు తెరిచాయి. నాలుగో గడిలోది మూసుకుంది.

అక్కడున్నవాడు జుట్టు నెరిసిన మనిషి, యాడికి ఊరి స్కూలు మాస్టరునని రాయించుకున్నవాడు. నిదానంగా కుడివైపు తిరిగాడు. పిస్టల్ బసప్పవైపు లేచింది.

కుళ్ళాయప్ప దూకాడు. బ్యారెల్ పక్కకు తోసే వ్యవధి లేదు. చూపుడువేలిని ట్రిగ్గరు వెనక సందులోకి దూర్చేశాడు. వాడు నొక్కాడు. ఎముక పటుక్కుమంది. ట్రిగ్గరు వెనక్కి రాలేదు. వాడు పళ్ళు బిగించి మళ్ళీ నొక్కాడు. కుళ్ళాయప్ప కేక మింగి, వేలు తియ్యకుండా వాణ్ణి నేలకేసి కొట్టాడు. జనంలో కలిసి ఉన్న మఫ్టీ పోలీసులు మీదపడ్డారు.

బసప్ప కుర్చీలోంచి లేవనేలేదు. గ్రౌండుకు చేరుకున్న చిన్నప్ప సిద్దమ్మను అప్పటికే జీపెక్కించాడు. కళ్ళద్దాలు తీసి, వెక్కివెక్కి ఏడుస్తోందామె.

కుళ్ళాయప్ప వేలికి రుమాలు చుట్టుకుంటుంటే స్కోరు రాసే తిప్పయ్య టార్గెట్ కాగితంతో వచ్చాడు. జరిగిందేమిటో అతనికింకా సగమే అర్థమైంది.

"అన్నా, నాలుగో గడోడు ఐదూ నడిమధ్యలోనే కొట్టినాడు. కప్పు ఆయప్పదే. పేరు ఏమని చెక్కియ్యల్ల?"

"ఖాళీగా పెట్టప్పా," అన్నాడు కుళ్ళాయప్ప. "వాడు అసలు పేరు ఇంకా మాకే చెప్పలేదు."